విశాఖలో స్పోర్ట్స్ కారు కొనాలంటే: ముందు ర్యాంపు, తర్వాత హార్స్‌పవర్

మా బావమరిది మొన్న ఫోన్ చేశాడు. "బావా, సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి దొరుకుతోంది, ఎనిమిది సిలిండర్ల వీ8. తీసేసుకోమంటావా?" వాడుండేది సీతమ్మధారలో, వాలు మీద కట్టిన అపార్ట్‌మెంట్. ఆ సెల్లార్‌లోకి దిగే ర్యాంపు దగ్గర నా మామూలు సెడానే ఒకసారి కడుపు గీసుకుంది. "ముందు ఆ ర్యాంపు సంగతి చూడు, కారు సంగతి తర్వాత" అన్నాను. ఇంజిన్ గురించి మాట్లాడతాననుకుంటే ర్యాంపు గురించి మాట్లాడానని వాడికి ఒళ్లు మండినట్టుంది, ఫోన్ పెట్టేశాడు. రాత్రి మళ్లీ చేసి, "సరే, అయితే ఏది కొనాలో నువ్వే చెప్పు" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

స్పోర్ట్స్ కార్ల పోలికలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, టాప్ స్పీడ్ ఎంత, ఎవరిది ఎక్కువ. మన దేశంలో నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గరిష్ఠ పరిమితి గంటకు 100 కి.మీ., ఊళ్లో మున్సిపల్ రోడ్ల మీద 70. ఇది 2018లో కేంద్రం పెట్టిన లెక్క. ఎక్కడైనా బోర్డు మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే అదే చెల్లుతుంది. కాబట్టి నాలుగు సెకన్ల కారు కొన్నవాడూ, ఏడు సెకన్ల కారు కొన్నవాడూ మూడు సెకన్ల తేడాతో ఒకే వేగం దగ్గర కాలు తీయాలి. ఆ తర్వాత చూడాల్సింది మలుపులో కారు ఎలా తిరుగుతోంది, బ్రేకు ఎలా పడుతోంది, దిగాక నడుం ఎలా ఉంది అన్నదే. అందుకే నేను కారుతో మొదలుపెట్టను, రోడ్డుతో మొదలుపెడతాను.

మనకున్న మూడు రోడ్లు

మొదటిది బీచ్ రోడ్డు. ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు, కైలాసగిరి కింద, రుషికొండ మీదుగా భీమిలి దాకా. ఫొటోలకు ఇంతకంటే మంచి రోడ్డు దేశంలో తక్కువ. నడపడానికి మాత్రం కాదు. పొద్దున్న వాకర్ల కోసం ఆర్కే బీచ్ దగ్గర రోడ్డు మూసేస్తారు, సాయంత్రం కురుసుర సబ్‌మెరైన్ ముందు జనం, బండ్లు, మొక్కజొన్న పొత్తులు. ఇక్కడ కారు మెల్లగా వెళ్తూ నలుగురికీ కనపడాలి, అంతే. పైగా ఉప్పుగాలి. రెండు రోజులు కదపకుండా పెడితే బ్రేకు డిస్కుల మీద ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది. అది నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది, కంగారు పడక్కర్లేదు. కానీ అదే ఉప్పు కారు అడుగున బోల్టులకీ, సైలెన్సర్ జాయింట్లకీ, వైరింగ్ కనెక్టర్లకీ కూడా పడుతుంది, అది కంటికి కనపడదు. పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఉండేవాళ్లు వారానికోసారి మంచినీళ్లతో కింద కూడా కడిగించాలి. గాజువాక వైపు వాళ్లకు ఉప్పు బాధ కాస్త తక్కువ, దుమ్ము బాధ ఎక్కువ. నల్లదుమ్ము పడ్డ కారును పొడి గుడ్డతో తుడిచారో, పెయింటు మీద గీతలు ఖాయం.

రెండోది హైవే. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి దాకా వేసిన ఆరు వరుసల రోడ్డు చూస్తే ఎవరికైనా కాలు దురద పెడుతుంది. నిజం చెప్పాలంటే తిన్నటి రోడ్డు మీద స్పోర్ట్స్ కారుకీ, మంచి సెడాన్‌కీ తేడా తెలిసేది తక్కువ. సర్వీస్ రోడ్డు నుంచి హఠాత్తుగా ఆటో దూరే చోట ఎక్కువ తెలుసుకోవాలని కూడా ఉండదు.

మూడోదే అసలు రోడ్డు. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే అనంతగిరి ఘాట్. అరకు విశాఖ నుంచి సుమారు 115 కి.మీ., అందులో చివరి భాగమంతా మలుపులే. తెల్లారకముందే బయలుదేరి, ఎస్.కోటలో టీ తాగి, పర్యాటకుల బస్సులు రాకముందే ఘాట్ ఎక్కితే, మూడో గేరులో మలుపు తర్వాత మలుపు తిప్పుకుంటూ కాఫీ తోటల దాకా వెళ్లొచ్చు. గంటకు 40, 50 దాటకుండానే చేతులకూ కాళ్లకూ పని దొరుకుతుంది. కానీ ఈ రోడ్డుకు కావలసింది 500 హార్స్‌పవర్ కాదు. వెడల్పు తక్కువున్న కారు, మరీ కిందికి లేని ముందు బంపరు, దిగేటప్పుడు వేడెక్కినా వదలని బ్రేకులు. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే ఎడమ పక్కకు ఎంత జరగగలమన్నదే అక్కడ పెద్ద లెక్క.

కార్ల దగ్గరకు వద్దాం. నేను చెప్పే ధరలు ఎక్స్‌షోరూమ్ (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపనివి), మార్కెట్‌లోకి వచ్చినప్పటివి. కొనే రోజున అవి మారి ఉంటాయి.

ఇరవై లక్షల్లో

ఇక్కడ స్పోర్ట్స్ కారు అనే మాట కాస్త పెద్దదే. అయినా ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లో 1.5 లీటర్ టర్బో, 150 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం), ఆరు గేర్ల మాన్యువల్ దొరికితే ఘాట్ రోడ్డు మీద చాలా ఖరీదైన కార్ల వెనకే పోవచ్చు. గ్రౌండ్ క్లియరెన్స్ మామూలు సెడాన్‌ది, సర్వీసు ఖర్చు మామూలు కారుది. మొదటిసారి ఈ సరదా పట్టినవాళ్లు రెండేళ్లు దీన్ని నడిపి, సరదా ఇంకా మిగిలితే పైకి వెళ్లడం మంచిది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 120 హార్స్‌పవర్‌తో ఇంకా చవక. ఊళ్లో హుషారుగా ఉంటుంది, ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం కాస్త ఆయాసపడుతుంది.

యాభై లక్షల్లో: గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్‌ఎస్, మినీ కూపర్ ఎస్

నా మనసుకు దగ్గరగా ఉండేది ఈ వర్గమే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

గోల్ఫ్ జీటీఐ 1976లో పుట్టింది. కుటుంబం వాడే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో గట్టి ఇంజిన్ పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన. మొదట ఐదు వేల కార్లు అమ్ముడైతే చాలనుకున్నారట. 2025లో అది మన దేశానికి 52.99 లక్షలకు వచ్చింది. 2.0 లీటర్ టర్బో, 265 హార్స్‌పవర్, 370 న్యూటన్ మీటర్లు, 5.9 సెకన్లలో వంద. అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్‌తో అదే ఏడాది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 49.99 లక్షలకు వచ్చింది, 6.4 సెకన్లు. తెచ్చింది వందే కార్లు, బుకింగ్ తెరిచీ తెరవగానే అయిపోయాయి. గోల్ఫ్ కూడా పరిమితంగానే వచ్చింది. కాబట్టి ఈ రెండింటిలో ఏది కొనాలన్న ప్రశ్నకు చాలామందికి జవాబు ఒకటే: దొరికింది.

రెండూ దొరికితే? ఘాట్ రోడ్డు మీద గోల్ఫ్. అది పొట్టిగా ఉంటుంది, ముక్కు ఎటు తిప్పితే అటు ఇట్టే తిరుగుతుంది. ముందు చక్రాలే లాగే కారు అయినా, మలుపులో లోపలి చక్రం ఊరికే తిరిగిపోకుండా ముందు యాక్సిల్‌లో డిఫరెన్షియల్ లాక్ ఉంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కితే మామూలు కార్లు బయటికి జారతాయి, ఇది లోపలికే లాగుతుంది. మొదటిసారి నడిపినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. కానీ ఇంట్లో అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, సంక్రాంతికి శ్రీకాకుళం ప్రయాణం, తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తా, కొబ్బరికాయల గోనె ఉంటాయా? అయితే ఆక్టేవియా. దాని డిక్కీ 600 లీటర్లు. వెనక సీట్లో పొడుగు మనిషి కూడా కాళ్లు చాపుకోవచ్చు.

దొరకని కొత్త ఆర్‌ఎస్ కోసం ఎదురుచూడలేనివాళ్లకు పాతవి ఉన్నాయి. 2017లో వచ్చిన ఆర్‌ఎస్ 230, 2020లో 35.99 లక్షలకు వచ్చిన ఆర్‌ఎస్ 245. రెండోది మన దేశానికి రెండొందలే వచ్చాయి. పాతది చూసేటప్పుడు లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. నా స్నేహితుడొకడు వేరే ఊరి నుంచి మెరిసిపోయే కారు ఒకటి తెచ్చుకున్నాడు, కంపెనీ ఏదైతేనేం. కింద చూస్తే సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్ మోసే కింది చట్రం) బోల్టులు తుప్పు పట్టి విరిగే స్థితిలో ఉన్నాయి. సముద్రం పక్క నుంచి వచ్చిన కారని ఎవరూ చెప్పలేదు, వీడూ అడగలేదు. ఇంజిన్ కంప్యూటర్‌ను రిమాప్ చేయించి, అంటే సెట్టింగులు మార్పించి, శక్తి పెంచుకున్న కార్లు కూడా ఈ వర్గంలో బోలెడు. "స్టాకేనండి, కంపెనీ ఇచ్చినట్టే ఉంది" అంటే సర్వీస్ రికార్డు అడగండి.

మినీ కూపర్ ఎస్ 2024లో 44.90 లక్షలకు వచ్చింది. 204 హార్స్‌పవర్, చూడముచ్చటగా ఉంటుంది, సిరిపురం సందుల్లో పార్కింగ్‌కు దీన్ని మించింది లేదు. సస్పెన్షన్ గట్టి. మద్దిలపాలెం వైపు ప్రతి గతుకూ లెక్కపెట్టి చెబుతుంది. ఇంట్లో రెండో కారుగా అయితే సరే.

డెబ్బై ఐదు లక్షల చుట్టూ: పెట్రోలు సెడానా, కరెంటు రోడ్‌స్టరా?

ఇది విచిత్రమైన పోటీ. ఒకవైపు బీఎండబ్ల్యూ ఎం340ఐ. చూడ్డానికి ఆఫీసుకు వెళ్లే సెడాన్, లోపల ఆరు సిలిండర్ల 3.0 లీటర్ టర్బో, 374 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు, నాలుగు చక్రాల డ్రైవ్, 4.4 సెకన్లు. చెన్నై దగ్గరి ప్లాంటులోనే బిగిస్తారు కాబట్టి దిగుమతి సుంకం దెబ్బ పూర్తిగా పడదు. 2021లో 62.90 లక్షలకు వచ్చి, తర్వాత మెల్లగా డెబ్బై దాటింది. ఈ డబ్బుకు ఇంత ఇంజిన్ మన దేశంలో ఇంకెవరూ ఇవ్వడం లేదు, నాకు తెలిసి.

ఇంకోవైపు ఎంజీ సైబర్‌స్టర్, కరెంటుతో నడిచే రెండు సీట్ల రోడ్‌స్టర్ (టాపు తీసే కారు). 2025లో 74.99 లక్షలకు వచ్చింది. రెండు మోటార్లు, 510 హార్స్‌పవర్, 725 న్యూటన్ మీటర్లు, 3.2 సెకన్లు, పైకి లేచే తలుపులు, మడతపడే టాపు. కాగితం మీద ఎం340ఐని చిత్తుగా ఓడిస్తుంది. బీచ్ రోడ్డు మీద కూడా ఓడిస్తుంది. తలుపు లేచేసరికి సెల్ఫీల జనం గుమిగూడతారు. కానీ దాని బరువు 1,985 కిలోలు. తిన్నటి రోడ్డు మీద ఆ బరువును మోటార్లు మరిపిస్తాయి, ఘాట్ దిగేటప్పుడు ఏ మోటారూ మరిపించలేదు. రీజెన్ బ్రేకింగ్ (మోటారే బ్రేకులా పనిచేయడం) వల్ల దిగుతున్నంతసేపూ బ్యాటరీలోకి కాస్త కరెంటు తిరిగొస్తుంది, అదొక సుఖం. కంపెనీ చెప్పే 580 కి.మీ. రాకపోయినా అరకు వెళ్లి రావడానికి సరిపోతుంది. టాపు తీసుకుని తిరిగే రోజులు ఈ ఊళ్లో ఎన్ని? డిసెంబరు, జనవరి ఉదయాలు, మహా అయితే ఫిబ్రవరి సగం. మిగతా ఏడాదంతా చెమటే. ఇంకొక్క మాట, సెల్లార్‌లో మీ పార్కింగ్ మీద బీమ్ ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి, తలుపు లేవాలి కదా.

ఒకే ఒక్క కారు ఉండే ఇంటికి నా ఓటు ఎం340ఐకే. వర్షాకాలంలో తడి ఆకులు పరుచుకున్న ఘాట్ మలుపులో నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లడం ఎంత ధైర్యమో ఎక్కినవాళ్లకు తెలుస్తుంది. సైబర్‌స్టర్ కొనేవాళ్లను వెక్కిరించను. వాళ్లు కొనేది కారు కాదు, ఆదివారం.

కోటి దగ్గర

బీఎండబ్ల్యూ ఎం2. ఆరు సిలిండర్లు, 480 హార్స్‌పవర్, వెనక చక్రాలే తోస్తాయి, కావాలంటే ఆరు గేర్ల మాన్యువల్. 2024లో 1.03 కోట్లు. ఇది నడపడం వచ్చినవాళ్ల కారు. వచ్చని అనుకునేవాళ్లది కాదు, ఆ రెండింటికీ తేడా అనంతగిరిలో మొదటి వానకే తేలుతుంది. అంతకంటే కాస్త తక్కువలో జెడ్4 ఎం40ఐ వచ్చింది, 340 హార్స్‌పవర్, రెండే సీట్లు, గుడ్డ టాపు పది సెకన్లలో తెరుచుకుంటుంది. ఇంజిన్ మధురం, శబ్దం మధురం. కానీ గ్రౌండ్ క్లియరెన్స్ 114 మి.మీ., మన కాలనీ కమిటీలు పోయించే స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు తెలియంది కాదు. ఎం2లో కనీసం వెనక ఇద్దరు కూర్చోవచ్చు. ఈ రెండింటి మధ్య నేనైతే ఆలోచించను, ఎం2 మాన్యువల్.

రెండు కోట్లు ఉంటే

పోర్షా 911 కరేరా. 2024లో 1.99 కోట్లకు వచ్చింది. 3.0 లీటర్ ట్విన్ టర్బో, 394 హార్స్‌పవర్, 4.1 సెకన్లు. హార్స్‌పవర్ ఎం2 కంటే తక్కువ, ధర దాదాపు రెట్టింపు. మరి ఎందుకు? బరువు సుమారు 1,520 కిలోలే, ఇంజిన్ వెనక చక్రాల వెనక, అందుకే మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు నేలను పట్టుకుని తోస్తుంది. 1963లో లోకానికి చూపించినప్పటి నుంచీ ఇంజిన్ అక్కడే ఉంది. ఇంజనీర్ల దృష్టిలో తప్పు చోటే, ఆ తప్పును అరవై ఏళ్లుగా దిద్దుకుంటూ వస్తున్నారు. మొదట దీని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని పెజో అడ్డు చెబితే 911 అయింది.

విశాఖ దృష్టిలో దీనికున్న అసలు సుగుణం ఇంకొకటి. ముందు యాక్సిల్‌ను 40 మి.మీ. లేపే లిఫ్ట్ ఆప్షన్. దాన్ని పెట్టించుకోకుండా ఈ ఊళ్లో 911 కొనడం అంటే గొడుగు లేకుండా అక్టోబరులో బయలుదేరడమే. తోలు రంగు కోసం లక్షలు పెట్టేవాళ్లు లిఫ్ట్ దగ్గర వెనకాడటం నాకు అర్థం కాదు. వెనక సీట్లు పిల్లలకు పనికొస్తాయి, అదీ పదేళ్ల లోపు.

ఇక వాడి మస్టాంగ్

2016లో మన దేశానికి 65 లక్షలకు వచ్చిన కారు. 5.0 లీటర్ వీ8, దాదాపు 400 హార్స్‌పవర్, 515 న్యూటన్ మీటర్లు. స్టార్ట్ చేస్తే పక్క ఫ్లాట్ వాళ్లు లేస్తారు, అదే దాని అందం. స్నేహితుడి మస్టాంగ్‌లో ఒకసారి ఘాట్ ఎక్కాను. పొడుగాటి ముక్కు ముందు ఏముందో కనపడదు, వెడల్పు వల్ల ప్రతి ఎదురు బస్సుకూ ఊపిరి బిగపట్టాలి. కిందికి దిగేసరికి బ్రేకుల వాసన. అదే హైవే మీద అయితే దొరలా పోతుంది. 2017లో యూరో ఎన్‌క్యాప్ వాళ్ల క్రాష్ టెస్టులో (గుద్దించి భద్రత చూసే పరీక్ష) దీనికి రెండు స్టార్లే వచ్చాయి, తర్వాత మార్పులు చేస్తే మూడయ్యాయి. కొనేది ఏ ఏడాది కారో చూసుకోవాలన్నది అందుకే. గ్రౌండ్ క్లియరెన్స్ 137 మి.మీ., అంటే మా బావమరిది ర్యాంపు సమస్య అలాగే ఉంది. 2021లో ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పార్టులు దొరకవని కాదు, ఎదురుచూడాలి. పైగా అప్పటి కార్లు ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు కోసం తయారైనవి కావు. రిఫైనరీ మన మల్కాపురంలోనే ఉంది, అయినా పెట్రోలు రకం మన చేతిలో లేదు.

ధర కాక ఇంకేం అడగాలి?

లైఫ్ ట్యాక్స్ ఖరీదైన కార్లకు భారీగానే పడుతుంది. పది లక్షలు దాటిన కారుకు ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) కట్టాలి, అది ఐటీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, ఆడిటర్‌కు చెప్పడం మరిచిపోకండి. పాండిచ్చేరి నంబరుతో చవగ్గా దొరికే కారు చూసి మురిసిపోవద్దు. పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడ రిజిస్టర్ చేయించి ఇక్కడి ట్యాక్స్ కట్టాల్సిందే, ఆ లెక్క వేసుకున్నాకే బేరం.

సర్వీస్ సెంటర్ మన ఊళ్లో ఉందా అన్నది టెస్ట్ డ్రైవ్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. లేకపోతే హైదరాబాద్ 600 కి.మీ.కు పైనే. ఫ్లాట్‌బెడ్ లారీ కిరాయి, రెండుసార్లు రాకపోకలు, మధ్యలో టెన్షన్. చాలా స్పోర్ట్స్ కార్లలో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ ఇస్తారు. టైరు పక్క చీలితే ఆ కిట్ ఎందుకూ పనికిరాదు. ఘాట్ దారిలో టైడా దగ్గర ఆ పరిస్థితి వస్తే అర్థరాత్రి దాకా అక్కడే. మెత్తటి రబ్బరు టైర్లు మామూలు టైర్లలో సగం దూరం కూడా రాకపోవచ్చు, నాలుగు కలిపి ఒక మంచి స్కూటర్ ఖరీదు.

ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్‌తో (పార్టులకు తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చేది) పాటు ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చెట్ల కింద కార్లు నుజ్జయిపోవడం ఈ ఊరంతా చూసింది. సెల్లార్‌లో నీళ్లు నిలిచాక కంగారులో స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీళ్లు పోతాయి, అది మామూలు పాలసీలో రాదు. తుపాను హెచ్చరిక రాగానే కారు ఎక్కడ పెట్టాలో ముందే ఒక ఎత్తైన చోటు చూసి పెట్టుకోండి. చుట్టం ఇల్లైనా సరే.

మా బావమరిది చివరికి అట్ట ముక్కలు పేర్చి ర్యాంపు కొలిచాడు. మస్టాంగ్ మాట ఎత్తడం మానేశాడు. ఇప్పుడు ఆర్‌ఎస్ 245 ఒకటి చూసి వచ్చాడు, లిఫ్ట్ మీద ఎక్కించి ఫొటోలు కూడా పంపాడు, కింద శుభ్రంగానే ఉంది. వచ్చే శుక్రవారం ఆసీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ అంటున్నాడు. నిమ్మకాయలు మాత్రం చిన్నవి చూసి తెమ్మన్నాను.